పొయ్యిగోడలో వెండిచేపలు

మా ఊరి పొయ్యిల్లు చర్చికి ఎదురుగా ఉండేది. రాతిగోడలు, లావుపాటి పొగగొట్టం, లోపల ఒక్క వాయికి ఇరవై నాలుగు రొట్టెలు పట్టే ఇటుకపొయ్యి. దాని గుమ్మటం కింద కట్టె కాల్చి, నిప్పులు బయటికి లాగేసి, ఆ వేడికే రొట్టెలు కాల్చేవారు. ఊరందరికీ అదొక్కటే. దారికి ఇటువైపు చర్చి వెనకగది, అటువైపు పొయ్యిల్లు. మధ్య నలభై అడుగులు కూడా ఉండవు. చిన్నప్పుడు నేను చూసిందంతా దాదాపు ఆ నలభై అడుగుల్లోనే.

శనివారాలు అమ్మ చర్చి వెనకగది కడిగేది. ఆమె కడుగుతుంటే నేను బాప్తిస్మాల పుస్తకాలుండే బీరువా ముందు కూర్చునేదాన్ని. ఆ గోడ ఎప్పుడూ చెమ్మగా ఉండేది. తలుపు తీయగానే పుస్తకాల అట్టల మధ్యనుంచి వెండిరంగు పురుగులు జారిపోయేవి. వాటి నడక పరుగులా ఉండదు, నీళ్ళలో చేప జారినట్టు ఉంటుంది. మా వైపు వాటిని వెండిచేపలంటారు. అట్టలకి పూసిన జిగురు, పుస్తకాల దుమ్ము, చచ్చిన ఈగల రెక్కలు, ఏది రాలితే అది తిని బతుకుతాయి.

పొయ్యింట్లో ఉండేవి వేరు. పొయ్యి వెనకగోడ కట్టెలకొట్టంలోకి ఉంటుంది. అక్కడ మోకాలెత్తులో ఇటుకల మధ్య మూడు వేళ్ళు పట్టేంత నెర్రె ఒకటి ఉండేది. అందులో ఉండేవాటికీ మూడు తోకలే, రెక్కల్లేవు, అవీ రాలినదే తింటాయి. కానీ ఒళ్ళు గోధుమరంగు, దాని మీద నల్లటి మచ్చలు. మీసాలు ఒంటికన్నా పొడుగు. ఇవి పొయ్యిచేపలు. గోడ ఎంత వేడెక్కితే అంత హుషారుగా తిరిగేవి. నేను చెయ్యి పెట్టలేని ఇటుక మీద అవి నిలబడి పిండి నాకుతుండేవి.

"రెండూ ఒకటేనే పిల్లా," అనేది రోసీనత్త. "పొయ్యి దగ్గర చేరినవి కాస్త మాడాయి, అంతే. నన్ను చూడు, నేను మాత్రం పుట్టినప్పుడు ఇలా ఉన్నానా?"

రోసీనత్త నాకు చుట్టం కాదు, ఊళ్ళో అందరికీ అత్తే. మొగుడు మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగి రాలేదు. పిల్లల్లేరు. అప్పటినుంచి పొయ్యింటి తాళంచెవి ఆమె నడుముకే ఉండేది. రోజూ పదకొండు గంటల గంట కొట్టగానే ఆడవాళ్ళు పొయ్యింటి ముందు చేరేవారు. మర్నాడు ఎవరి వాయి ఎప్పుడో తేల్చుకోవడానికి రోసీనత్త ముందుగుడ్డ జేబులోంచి ఒక్కొక్కరూ ఒక్కో చెక్కబిళ్ళ తీసేవారు. బిళ్ళ మీద అంకె ఉండేది. ఒకటి వచ్చినామె ముఖం మాడిపోయేది. రాత్రంతా చల్లబడిన పొయ్యిని సొంత కట్టెతో మొదట వేడెక్కించాల్సింది ఆమే. ఆ వేడి మీద మిగతావాళ్ళందరూ తక్కువ కట్టెతో కాల్చుకుపోతారు.

"ఒకటోదాన్ని నేను. ఎన్ని మోపులు తెమ్మంటావ్ అత్తా?" అని ఆమె అడిగేది.

రోసీనత్త గోడకి అరచెయ్యి ఆనించి, కాసేపు ఆగి, "రెండున్నర," అనేది. "మూడో మోపు సగం ఇంట్లోనే ఉంచుకో." ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

రొట్టె తీశాక ఆమె దాన్ని బోర్లించి, అడుగున వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టుకునేది. లోపల బోలుగా మోగితే కాలినట్టు. మోగకపోతే మళ్ళీ లోపలికి.

నాకు పదకొండేళ్ళప్పుడు ఒక పని చేశాను. ఒక పొయ్యిచేపని గాజుసీసాలో పట్టి చర్చి వెనకగదిలో బీరువా కింద పెట్టాను. ఒక వెండిచేపని ఇంకో సీసాలో పొయ్యిగోడ నెర్రె పక్కన పెట్టాను. రెంటికీ ఒకే పిండి వేశాను. మర్నాడు పొద్దున చూస్తే బీరువా కిందది కాళ్ళు ముడుచుకుని ఉంది. పొయ్యి దగ్గరది ఎండి, ఊదితే ఎగిరే పొట్టులా అయిపోయింది. ఒకదానికి చలి సరిపడలేదు, ఇంకోదానికి తడి లేకపోయింది. ఏడుస్తూ వెళ్ళి మా హేబెర్లె మాస్టారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. సొరుగులోంచి భూతద్దం తీసి ఇచ్చారు.

"ఇంకెప్పుడూ తారుమారు చెయ్యకు. పక్కపక్కన పెట్టి చూడటం నేర్చుకో. ఎడమ పేజీలో ఇది, కుడి పేజీలో అది. చూసిందే రాయి, అనుకున్నది రాయకు."

పద్నాలుగేళ్ళకి బడి అయిపోయింది. నోటుపుస్తకం మాత్రం ఆపలేదు. ఎడమ పేజీ చర్చి, కుడి పేజీ పొయ్యి.

నాకు ఇరవై ఒకటి వచ్చిన ఏడాది అక్టోబరులో ఊరి సభలో పొయ్యిల్లు మాట వచ్చింది. అప్పటికి సగం ఇళ్ళలో ఎలక్ట్రిక్ పొయ్యిలు వచ్చేశాయి. మిగతా సగానికి పట్నం నుంచి రొట్టెల బండి వస్తోంది. పొయ్యింట్లో కాల్చుకునేవాళ్ళు రోసీనత్తతో కలిపి నలుగురు. ఊరికి కొత్త ఫైరింజను వచ్చింది, దాన్ని పెట్టడానికి షెడ్డు కావాలి, పొయ్యిల్లు ఉన్న స్థలం దానికి అచ్చంగా సరిపోతుంది. రోసీనత్త సభ మధ్యలో లేచి నిలబడింది.

"నన్ను కూడా ఆ ఇంజను కిందే పెట్టి కట్టండి, ఖర్చు కలిసొస్తుంది," అంది.

అందరూ నవ్వారు. ఊరిపెద్ద గోట్‌లోబ్ నవ్వలేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ వాయి కాలుతుంటే ఆ గుమ్మం మీదే నిద్రపోయేవాడట. "సరే అత్తా. వారానికి మూడు రోజులు ఆ గొట్టంలోంచి పొగ రావాలి. పొగ వచ్చినంతకాలం ఆ గోడ మీద చెయ్యి వెయ్యం," అన్నాడు. పొగ వచ్చిందీ లేనిదీ వారం వారం సభ పుస్తకంలో రాసే పని హేబెర్లె మాస్టారిది.

నవంబరులో నేను పట్నంలో మేజోళ్ళ మిల్లులో పనికి వెళ్ళాను. ఈస్టరుకి నాలుగు వారాల ముందు అమ్మ మోకాలు వాచి లేవలేకపోతోందని కబురొస్తే తిరిగొచ్చాను.

బస్సు దిగేసరికి రొట్టెల బండి చర్చి ముందు ఆగి ఉంది. వరసలో మా పక్కింటి కరొలీన పిన్ని ఉంది. అక్టోబరులో మిగిలిన నలుగురిలో ఈమె ఒకతె.

"వచ్చావా సెల్మా? పట్నం నీళ్ళు పడలేదా, పట్నంవాడు పడలేదా?"

"అమ్మకి మోకాలు, పిన్నీ. నువ్వేంటి బండి దగ్గర?"

"మాకు క్రిస్మస్‌కి పొయ్యి వచ్చిందిగా! మీట తిప్పితే చాలు, మా ఆయనకన్నా చెప్పినట్టు వింటుంది. రొట్టె మాత్రం బండి దగ్గరే. ఎవరు పిసుకుతారే ఇంత పిండి?" అని, గొంతు తగ్గించి, "మిగతా ఇద్దరూ అంతే," అంది.

"అయితే రోసీనత్త ఒక్కతేనా?"

కరొలీన పిన్ని బండి వైపు తిరిగి, "రెండు రై పిండి రొట్టెలివ్వు నాయనా," అంది. నా మాట వినిపించుకోలేదనుకున్నాను.

ఆ సోమవారం మధ్యాహ్నమే భూతద్దం పట్టుకుని కట్టెలకొట్టంలోకి వెళ్ళాను. నాలుగు నెలలుగా కుడి పేజీ ఖాళీగా ఉంది. నెర్రె ముందు చతికిలబడి చూశాను. లోపల ఏదో కదిలింది. మచ్చలు కనిపించలేదు. ఒళ్ళంతా ఒకే రంగు, మెరుపు. భూతద్దం తుడిచి మళ్ళీ చూశాను. వెండిచేప. దాని వెనక ఇంకోటి.

ఇటుక మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

"ఎవరే అది? ఓ, పురుగుల డాక్టరమ్మా!" రోసీనత్త కొట్టం గుమ్మంలో నిలబడి ఉంది. చిక్కిపోయింది. కుడి మణికట్టుకి గుడ్డ చుట్టుకుంది. "రా, నా నడుం కూడా ఆ అద్దంతో ఓసారి చూడు."

"గోడ చల్లగా ఉందేంటి అత్తా?"

"శనివారం మంట. సోమవారానికి చల్లబడదా? రాయి కదే అది, నా మొగుడా, ఇన్నేళ్ళయినా వెచ్చగా గుర్తుండటానికి?"

ఇద్దరం నవ్వాం. నేను ఇంకేమీ అడగలేదు. నాకు చూడటం అలవాటు, రాయడం అలవాటు. అడగడం ఎప్పుడూ అలవాటు కాలేదు.

రెండు వారాలు చూశాను. మంగళ, గురు, శనివారాల్లో పొద్దున్నే పొగ లేచేది. తెల్లగా, దట్టంగా లేచి, అరగంటలో ఆగిపోయేది. తర్వాత రోసీనత్త పళ్ళెం మీద గుడ్డ కప్పుకుని చర్చి ముందునుంచే ఇంటికి నడిచేది. ఎదురైనవాళ్ళు పలకరించేవారు. నాకు రొట్టె వాసన తగల్లేదు. గాలి అటు ఉందేమో అనుకున్నాను. బుధవారం కొట్టంలో ఇటుక చల్లగానే ఉంది. శుక్రవారమూ అంతే. నెర్రెలో వెండిచేపలు తొమ్మిది లెక్కపెట్టాను. వాటిలో నాలుగు పిల్లలు, నువ్వుగింజంత, ఇంకా తెల్లగానే ఉన్నాయి. పొయ్యిచేప ఒక్కటీ లేదు. అడుగున వాటి పొట్టు మాత్రం గుప్పెడు దొరికింది, మచ్చలు మచ్చలుగా. అంతా రాశాను. ఎడమ పేజీలో ఉండాల్సినవి కుడి పేజీలోకి వచ్చాయని కింద గీత గీసి రాశాను. ఇన్నేళ్ళలో నేను కనిపెట్టిన మొదటి కొత్త సంగతి అది. నాకు సంతోషంగా ఉంది. ఆ మాట దాచడం వల్ల లాభం లేదు.

నోటుపుస్తకం హేబెర్లె మాస్టారి ఇంటికి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని నెమ్మదిగా చదివారు. రెండో యుద్ధంలో దెబ్బ తగిలి ఆయనకి వాసన తెలియకుండా పోయింది. పువ్వయినా పేడయినా ఒకటే.

"చాలా బాగా చూశావు సెల్మా," అన్నారు. ఇంకో పేజీ తిప్పారు. వెనక్కి తిప్పారు. "పొయ్యిచేపలు ఒక్కటీ లేవా?"

"లేవు మాస్టారూ. పొట్టు మాత్రమే."

"వెండిచేపలు అక్కడే పిల్లలు పెట్టాయి."

"అవును."

ఆయన పుస్తకం మూసి, దాని మీద చెయ్యి పెట్టారు. "నీ లెక్కలో, ఆ గోడ చల్లబడి ఎన్నాళ్ళయి ఉంటుంది?"

ఆయన గొంతు మారింది. ఆయన అడుగుతున్నది పురుగుల గురించి కాదని నాకు అప్పుడు తెలిసింది. తెల్లటి పొగ, వాసన లేని పళ్ళెం, చుట్టుకున్న మణికట్టు, అన్నీ ఒక్కసారే కళ్ళముందుకొచ్చాయి. 'సరిగ్గా చెప్పలేను మాస్టారూ' అని ఉండొచ్చు. 'నేను పొరబడి ఉంటాను' అని ఉండొచ్చు. కానీ బడిలో నన్ను ఎవరూ ఏ ప్రశ్నా అడిగేవారు కాదు. ఇప్పుడు ఒకరు అడిగారు, ఆ జవాబు నాకు తెలుసు.

"క్రిస్మస్ నుంచి. ఇంకా ముందైనా కావచ్చు," అన్నాను.

మాస్టారు కళ్ళద్దాలు తీసేశారు. "ప్రతి వారం పొగ వచ్చిందని నా చేత్తో రాశాను."

"వచ్చింది కదా మాస్టారూ."

"వచ్చింది," అన్నారు. "ఇప్పుడు ఎలా రాయను?"

సోమవారం సాయంత్రం పాలకేంద్రం దగ్గర, ఊరంతా క్యానులతో నిలబడి ఉండగా, గోట్‌లోబ్ గట్టిగా చెప్పాడు. "శుక్రవారం పదింటికి సభవాళ్ళం పొయ్యింటికి వస్తున్నాం. గుమ్మటం లోపల చెయ్యి పెట్టి చూస్తాం. వెచ్చగా ఉంటే ఉంది, లేకపోతే లేదు. శుక్రవారం. పదింటికి. ముందే చెప్తున్నాను." అంటూ రోసీనత్త వైపు తప్ప అందరి వైపూ చూశాడు.

ఇంటికి వస్తుంటే కరొలీన పిన్ని నా పక్కనే నడిచింది.

"తృప్తిగా ఉందా?"

"నేను పురుగుల గురించి..."

"ఊళ్ళో ముక్కున్న ప్రతివాళ్ళకీ తెలుసే. పొగ వస్తుంది, వాసన రాదు. తడిగడ్డి కాలుస్తోంది పాపం. ఆ పళ్ళెంలో చెక్కపలకలున్నాయని మా ఆయనకి తెలుసు, గోట్‌లోబ్‌కి తెలుసు, పాస్టరుగారి భార్యకి తెలుసు. ఎదురైనప్పుడల్లా 'రొట్టెలు బాగా వచ్చాయా అత్తా' అని అడిగేవాళ్ళం. నాలుగు నెలలు అడిగాం. తెలియనిదల్లా ఆ మాస్టారొక్కడికే. వెళ్ళి వెళ్ళి ఆయనకే రాసిచ్చావు."

"ఆమె కట్టెలు మొయ్యలేకపోతోందని నాతో ఒక్కరూ చెప్పలేదు పిన్నీ."

"నువ్వు అడిగావా?"

ఆ వారం నేను రోసీనత్త ఇంటి వైపు వెళ్ళలేదు. కనిపిస్తే ఏం చెప్పాలో తెలియలేదు. మంగళ, బుధ, గురువారాలు పొగ సన్నగా, దారంలా లేచింది. మునుపటి తెల్లపొగలో పావు వంతు కూడా లేదు. ఇంక గడ్డి మొయ్యడానికి కూడా ఆమెకి ఓపిక లేదనుకున్నాను. శుక్రవారం గోట్‌లోబ్ చెయ్యి చల్లటి ఇటుక మీద పడుతుందని, అప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో అని, అదే తిరిగింది మనసులో. గురువారం సాయంత్రానికి నిర్ణయించుకున్నాను. ఒకటో బిళ్ళ నాదే అనుకుంటాను. ఆ పొయ్యిని నేనే వేడెక్కిస్తాను.

శుక్రవారం తెల్లవారుతూనే మా ఇంటి చలికాలపు మోపుల్లోంచి మూడు తోపుడుబండి మీద వేసుకుని వెళ్ళాను. ఇంకో తాళంచెవి గుమ్మం పైరాతి వెనక పెడుతుందని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. లోపల చీకటిగా ఉంది. పొయ్యి తలుపు తీస్తే నేల మధ్యలో గుప్పెడు బూడిద, దానిలో నాలుగు ఎర్రటి నిప్పులు. చెయ్యి లోపలికి పెట్టాను. గోరువెచ్చగా తగిలింది. ఈ గోరువెచ్చన ఎవరికి చాలుతుంది అనుకున్నాను.

మొదటి మోపు వేసే ముందు కొట్టంలోకి వెళ్ళి నెర్రె చూశాను. అలవాటు. ఇటుకల మీద నీళ్ళు సన్నటి బొట్లుగా పట్టి ఉన్నాయి, చెమట పోసినట్టు. వెండిచేపలు గోడ బయటికొచ్చి అటూ ఇటూ జారుతున్నాయి. ఇరవైకి పైనే. అన్నిటిని ఒక్కసారి బయట ఎప్పుడూ చూడలేదు. వేడి తగులుతోంది కాబట్టి పారిపోతున్నాయి, మంచిదే, అనుకున్నాను. వాటి జాగాలోకి మళ్ళీ మచ్చలవి వస్తాయి.

మూడు మోపులూ వేశాను. ఎండిన బీచ్ చెట్టు కట్టె అంటుకోగానే హోరుమంది. గొట్టంలోంచి పొగ నల్లగా లేచింది. మంట గుమ్మటం పైదాకా నాకుతుంటే, అంతకాలం తర్వాత ఆ వెలుగు ఆ గోడల మీద ఆడుతుంటే, నాకు ఏడుపొచ్చింది. కట్టెలు కూలి నిప్పులయ్యేదాకా ఎగదోస్తూనే ఉన్నాను.

ఎనిమిదింటికి గుమ్మంలో నీడ పడింది. రోసీనత్త. ఎడమచేతిలో చిన్న పుల్లలకట్ట, పిట్ట గూటికి సరిపోయేంత.

"ఎవరే లోపల?"

"నేనే అత్తా. సెల్మాని."

ఆమె పొయ్యి నోటిలోకి చూసింది. "ఎంత వేశావ్?"

"మూడు మోపులు. మావే. నువ్వేం కంగారు పడకు, పదింటికల్లా..."

పుల్లలకట్ట ఆమె చేతిలోంచి జారిపోయింది. "లాగు," అంది. "బయటికి లాగు. అంతా లాగెయ్. నీళ్ళు పొయ్యకు, లాగు!"

కొక్కెంకర్రతో నేను, పారతో ఆమె ఒంటిచేత్తో, నిప్పులు నేల మీదికి లాగాం. ముందుగుడ్డ అంచు అంటుకుంటే ఆమె కాలితో తొక్కింది. సగం లాగామో లేదో, లోపల చిన్న చప్పుడైంది, గోళీకాయ పగిలినట్టు. ఆమె ఆగిపోయింది. ఇంకోటి. తర్వాత గుమ్మటం లోపల చాలా సేపు ఏదో తెగుతున్నట్టు, అటు మూలనుంచి ఇటు మూలదాకా చప్పుడు నడిచింది. ఒక ఇటుక రాలింది. దాని వెనక నాలుగు. తర్వాత లెక్క తెలియలేదు. పొయ్యి నోటిలోంచి దుమ్ము, ఆవిరి కలిసి మా ముఖాల మీదికి కొట్టింది. తడిమట్టి వాసన. వేడి పొయ్యిలోంచి తడిమట్టి వాసన రావడం అదే మొదటిసారి.

దుమ్ము తగ్గాక చూస్తే గుమ్మటం వెనక సగం కూలిపోయి ఉంది. పైన రంధ్రంలోంచి పొగగొట్టం రాళ్ళు కనిపిస్తున్నాయి. నా చెప్పుల మీదనుంచి వెండిచేపలు గుమ్మం వైపు జారిపోతున్నాయి.

రోసీనత్త పిండిబల్ల మీద కూర్చుంది.

"మంగళవారం నుంచి ఆరబెడుతున్నానే," అంది. కోపంగా అనలేదు. ఎవరికో దారి చెప్పినట్టు చెప్పింది. "నాలుగు నెలలు తడి తాగి ఉంది అది. ఒక్కసారిగా వేడెక్కితే లోపలి తడి ఆవిరై ఇటుకల్ని పగలగొడుతుంది. దానికి రోజుకి గుప్పెడు పుల్లలే పెట్టాలి. గోడ చెమట పట్టాలి, ఆరాలి, మళ్ళీ పట్టాలి. వారం పడుతుంది. కానీ ఇవాళ పదింటికి గోరువెచ్చగా తగిలేది. గోట్‌లోబ్‌కి అంతే చాలు. అందుకేగా సోమవారమే అరిచి చెప్పాడు."

"నాకు తెలియదు అత్తా."

"గోడలో తడి ఉందని తెలియదా? మాస్టారికి రాసిచ్చావటగా, చెమ్మ పురుగులు వచ్చాయని."

నా నోటుపుస్తకంలో ఎడమ పేజీ మొదటి వాక్యం పదేళ్ళనుంచీ అదే. 'ఇది తడి ఉన్నచోటే బతుకుతుంది.' పదకొండేళ్ళప్పుడు పెన్సిలుతో రాసింది. గోడ చల్లగా ఉందని ఆ పురుగుల్ని చూసి మాస్టారికి చెప్పాను. గోడ తడిగా ఉందని అవే పురుగులు చెబుతుంటే నా కళ్ళతో చూస్తూ మోపులు వేశాను.

"మాస్టారికి చెప్పింది నేనే," అన్నాను.

"తెలుసు." మణికట్టు గుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకుంది. "అది కాదు నాకు బాధ. ఒకటో బిళ్ళ వచ్చిన ఏ ఆడదైనా, ఎంత పొగరుబోతైనా, ముందు నా దగ్గరికొచ్చేది. 'ఎన్ని మోపులు అత్తా?' అని అడిగేది. నలభై ఏళ్ళకి పైగా. అడక్కుండా వేసింది నువ్వొక్కదానివే."

పదింటికి గోట్‌లోబ్, మాస్టారు, ఇంకో ఇద్దరు వచ్చారు. వెనక ఊరు సగం వచ్చింది. గోట్‌లోబ్ టోపీ తీసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. నేల మీద ఇంకా ఎర్రగా ఉన్న నిప్పుల్ని, కూలిన ఇటుకల్ని, రోసీనత్తని చూశాడు. తర్వాత వంగి, పొయ్యి నోటిలోకి, మిగిలిన సగం గుమ్మటం మీదికి చెయ్యి చాచాడు. చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"వేడిగా ఉంది," అన్నాడు. మాస్టారి వైపు తిరిగాడు. "రాయండి. పొయ్యి వేడిగా ఉందని రాయండి."

మాస్టారు పుస్తకం తెరిచి రాశారు. నిజంగానే రాశారు.

"రొట్టెలు బాగా వచ్చాయా అత్తా?" అని వెనకనుంచి ఎవరో అలవాటు కొద్దీ అని, మధ్యలోనే ఆపేసుకున్నారు. అది కరొలీన పిన్ని గొంతు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

గుమ్మటం మళ్ళీ కట్టగలవాడు చుట్టుపక్కల ఎవడూ మిగల్లేదు. జూన్‌లో పొయ్యిల్లు పడగొట్టారు. వెనకగోడ తీసే రోజు నేను భూతద్దంతో వెళ్ళి నిలబడ్డాను. మేస్త్రీ ఒక్కో ఇటుక తీసి నాకు చూపించాడు, నేను ఎందుకు చూస్తున్నానో అడక్కుండానే. పొట్టు చాలా ఉంది. బతికినది ఒక్కటీ లేదు. వెండిచేపలు కూడా అప్పటికి వెళ్ళిపోయాయి. చర్చి వెనకగదిలో మాత్రం ఇంకా ఉన్నాయి. అమ్మ మోకాలు తగ్గలేదు కాబట్టి ఇప్పుడు ఆ గది నేనే కడుగుతాను. ఎడమ పేజీలు నిండుతున్నాయి.

పొయ్యిల్లు పోయాక రోసీనత్త బయటికి రావడం తగ్గించింది. రొట్టెల బండి వచ్చే రోజుల్లో నేను రెండు కొని, ఒకటి ఆమెకి ఇచ్చి వస్తాను. మొదటిసారి తలుపు కొట్టినప్పుడు, "ఎవరు?" అంది. "నేనే, సెల్మాని. లోపలికి రావచ్చా అత్తా?" అని అడిగాను. కాసేపటికి గడియ తీసింది.

రొట్టె చేతిలోకి తీసుకుని, బోర్లించి, అడుగున కణుపుతో రెండుసార్లు తట్టింది. చెవి దగ్గర పెట్టుకుంది. నేను గుమ్మంలో నిలబడి ఆమె ముఖం చూస్తున్నాను. ఎంతసేపు విందో. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, ఎడమచేత్తో కత్తి అందుకుంది.